ఆకుపచ్చ సంచీ

నఫియే రోజూ తెల్లవారి నమాజు కాగానే గోడకు వేలాడే ఆకుపచ్చ గుడ్డసంచీని రెండు చేతులా అందుకుని, ముద్దాడి, నుదుటికి ఆనించుకుని, మళ్లీ మేకుకు తగిలించేది. ఆ తరువాతే పొయ్యి రాజేసేది. నలభై రెండేళ్లుగా అదే వరస. అత్తగారు కన్నుమూసే ముందు ఆ సంచీని ఆమె చేతిలో పెట్టి, "ఇది ఇంటిని కాస్తుందే, విప్పకు" అంది. నాలుగు వైపులా కుట్టేసిన సంచీ. లోపల ఏదో దుఆ రాసి ఉందని అందరి నమ్మకం. ఏ దుఆ అయ్యుంటుందా అని నఫియేకు అప్పుడప్పుడూ మనసు లాగేది. విప్పితే పాపమని ఊరుకునేది.

ఆ వేసవిలో క్సాంథి పట్నం నుంచి భూముల కొలతవాళ్లు కొండమీది పొమాకు ముస్లింల ఊళ్లకు వచ్చారు. నెలాఖరులోగా పాత కాగితం చూపకపోతే చేను అడవి కింద రాసేస్తామన్నారు. నఫియేకు ఉన్నది రాతిమిట్ట మీద ఒక్క పొగాకు చేను. భర్త పోయాక ఆమెకు తిండి పెడుతున్నది అదే. పెట్టెలు బోర్లించింది, అటక దులిపింది. కాగితం జాడ లేదు.

పొగాకు ఆకులు దండ గుచ్చడానికి సాయం వచ్చిన పక్కింటి సెవ్దియే ఇదంతా చూస్తూ కూర్చుంది.

"ఎలకల బొరియలు కూడా వెతికావు. ఇంక ఆ సంచీ ఒక్కటే మిగిలిందక్కా."

"నోటికి అదుపు లేదే నీకు. అది దేవుడి మాట."

"ఏమో మరి. జ్వరమొచ్చి మా మనవరాలి నుదుటికి దాన్ని ఆనించినప్పుడల్లా కొత్త అట్టలా ఫెళఫెళమంటుంది."

ఆ మాట నఫియేను కుదురుగా ఉండనివ్వలేదు. మర్నాడు సంచీ గుండెకు హత్తుకుని, పాత రాతలు చదవడం వచ్చిన మసీదు గురువు రమీజ్ హోజా ఇంటికి వెళ్లింది. ఆయన చేతులు కడుక్కుని, బిస్మిల్లా అని కుట్లు తెంపాడు. చాలాసేపు చదివాడు.

"ఏ దుఆ, హోజా?"

"తూర్పున వాగు, ఉత్తరాన పెద్దబండ, పడమట సలీం గారి అక్రోటు చెట్టు..."

"ఇలాంటి దుఆ ఎప్పుడూ వినలేదే."

"నేనూ వినలేదక్కా. ఇది సుల్తాను కాలపు పట్టా. రాతిమిట్ట చేను మీ మామగారి తాత పేరున ఉంది."

నఫియే "అల్హమ్దులిల్లా" అంది. అంతలోనే ముఖం చిన్నబోయింది. "ఇన్నేళ్లూ నేను ముద్దుపెట్టింది పట్టాకా?"

"అందుకే కాబోలు, ఊళ్లో ఎవరి ఆకూ నీ ఆకంత బాగా రాదు," అని నవ్వి, గొంతు తగ్గించాడు. "నువ్వు ఎవరిని తలుచుకున్నావో ఆయనకు తెలుసులే. రేపు కచేరీకి నేనూ తోడు వస్తాను."

ఆమె లేవలేదు. ఖాళీ సంచీని ఒళ్లో పరుచుకుని నిమురుతూ అంది:

"ఇంకొక్క పని చేసిపెట్టు, హోజా. దీంట్లోకి ఒక మంచి దుఆ రాసివ్వు. సెవ్దియే మనవరాలికి జ్వరం తిరగబెట్టింది, సాయంత్రం తీసుకొస్తుంది. కాస్త దళసరి కాగితం మీదే రాయి. ఫెళఫెళమనకపోతే ఆ పిల్ల ఊరుకోదు."