ఊ అన్నాకే పేజీ తిప్పాలి

ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఊపిరాయన. ఎక్స్‌రే గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అతను చేస్తున్న పని అదే మరి. పలకకు ఛాతీ ఆనించి నిలబడ్డ మనిషితో "ఊపిరి పీల్చండి, బిగబట్టండి" అనడం, లోపలికెళ్లి మీట నొక్కడం, "వదిలేయండి" అనడం. రోజుకు యాభై అరవై మందితో ఇదే మాట. ఇది తప్ప ఇంకో మాట ఆడకుండా వారాలకు వారాలు గడిపేశాడంటే నమ్మాలి. క్యాంటీన్‌లో వేలు చూపిస్తే టీ వచ్చేస్తుంది. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషే లేడు. పెళ్లి ఊసెత్తేవాళ్లు ఎత్తీ ఎత్తీ అలిసిపోయి, వాళ్ల పిల్లల పెళ్లిళ్ల గొడవలో పడిపోయారు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక మంచం, ఒక కుర్చీ. గోడకు ఎక్స్‌రే ఫిలిములు పెట్టి చూసే లైటు పెట్టె. ఆసుపత్రిలో అన్నీ కంప్యూటర్లలోకి మారిపోయి, దాన్ని పాత సామాన్లలో పారేస్తుంటే నిరుడు అడిగి తెచ్చుకున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఇంట్లో చూడదగ్గ వస్తువు అలమరలో ఉంది. మందపాటి పారదర్శక ప్లాస్టిక్ పెట్టెలో ఒక బొమ్మల పుస్తకం, గొడుగు డిటెక్టివ్ మొదటి సంచిక. పాత బొమ్మల పుస్తకాలకు పదికి ఇన్నని మార్కులు వేసేవాళ్లు లోకంలో ఉన్నారు. మూలలు, మడతలు, మరకలు భూతద్దం పెట్టి చూసి, మార్కు వేసి, పగలగొడితే తప్ప తెరుచుకోని పెట్టెలో బిగించి పంపిస్తారు. ఇక దుమ్ము పడదు, చెయ్యి పడదు, చదవడం అంతకన్నా కుదరదు. భోజనం వడ్డించి మూతకు తాళం వేసినట్టుందయ్యా అంటే వాళ్లకు కోపమొస్తుంది. ఈ పుస్తకానికి ఎనిమిదిన్నర వచ్చింది. పెట్టె నెత్తిన ఆ అంకె దర్జాగా కనబడుతుంది.

ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో అతనికి తెలుసు. అతనికి పదేళ్లు, చెల్లెలికి ఆరు. ఒక్క పుస్తకం, రెండు తలకాయలు. అతను గబగబా చదివేస్తాడు. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "ఉండన్నయ్యా, ఇంకా అవలేదు నాకు" అంటుంది. పదకొండో పేజీ దగ్గర డిటెక్టివ్ గొడుగు తెరుచుకోక దొంగ ముందు ఇబ్బంది పడుతున్నాడు. ఆగలేక అతను పేజీ లాగాడు. ఆమె వేలు ఇంకా దాని మీదే ఉంది. అడుగున గోరంత చిరిగింది. అమ్మ ఇద్దరికీ చెరొకటి తగిలించి, రెండు నియమాలు పెట్టింది. చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. చెల్లెలు ఊ అన్నాకే పేజీ తిప్పాలి. ఆ తర్వాత ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు, మళ్లీ మాత్రం చిరగలేదు. మార్కుల కాగితంలో "పదకొండో పేజీ, చిన్న చిరుగు" అని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసిన వాక్యం చదివినప్పుడు అతనికి ఏడుపొచ్చింది.

అమ్మ పోయాక అద్దె ఇల్లు ఖాళీ చేశారు. కుట్టుమిషను చెల్లెలికి, గోడ గడియారం అతనికి. అన్నీ మాటా పలుకూ లేకుండానే తెమిలిపోయాయి. చివరికి ట్రంకుపెట్టె అడుగున ఈ పుస్తకం దొరికింది. అక్కడ మొదలైంది. నాదంటే నాదన్నారు. నీకు సంసారముంది, పిల్లలున్నారు, నాకేముందని అతను అన్నాడు. మనుషులు అక్కర్లేదని కూర్చున్నది నువ్వే కదా అని ఆమె అంది. నోరు జారిన మాటలు వెనక్కి తీసుకోవడం ఆ ఇంటి రక్తంలోనే లేదు. మేనమామ మధ్యవర్తిగా వచ్చి పెద్ద తీర్పు చెప్పాడు. పుస్తకాన్ని పెట్టెలో సీలు వేయించాలి. ఏడాది అన్న దగ్గర, ఏడాది చెల్లెలి దగ్గర ఉండాలి. ఎవరూ తెరవకూడదు. తన తెలివికి తనే మురిసిపోయి మామయ్య వెళ్లిపోయాడు.

పన్నెండేళ్లుగా అదే జరుగుతోంది. ఏడాదికోసారి పుస్తకం పార్సిల్‌లో ఊళ్లు దాటుతుంది. అందుకున్నవాళ్లు చీటీ రాయాలి. "చేరింది. జాగ్రత్తగా ఉంది." అంతే. ఎలా ఉన్నావని ఆమె రాయలేదు, అతనూ రాయలేదు. అయినా ఆమె చేతిరాతతో వచ్చిన ఆరు చీటీలూ అతను చొక్కాల కింద దాచుకున్నాడు. లోకంలో అతనికోసం ఒక మనిషి కలం పట్టుకున్న సందర్భాలు అవే.

ఈ ఏడు పంపే వంతు అతనిది. ప్యాకింగు చుట్టబోతూ, ఊరికే, పెట్టెను లైటు పెట్టె మీద ఆనించాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఎముకల్లో బీటలు వెతికిన కన్ను కదా, వెంటనే పట్టేసింది. పెట్టె మీద గీత కూడా లేదు. లోపలి పల్చటి కవరు మాత్రం పుస్తకం కంటే వదులుగా ఉంది. లారీ ఎత్తేసినప్పుడల్లా, పార్సిల్ విసిరేసినప్పుడల్లా పుస్తకం కిందికి జారింది. కుడివైపు కింది మూల మడతపడి నలిగిపోయింది. పేజీలు కలిపి కొట్టిన పిన్ను దగ్గర అట్ట సాగి తెల్లగా గీత పడింది. పైన అంకె మాత్రం ఎనిమిదిన్నరే. పన్నెండేళ్ల కిందటి రిపోర్టు పట్టుకొచ్చి నాకే జబ్బూ లేదని వాదించే రోగుల్ని అతను చూడనివాడు కాదు.

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఇంకో రెండు ప్రయాణాలకు మూల విరిగిపోతుంది, అట్ట పిన్ను నుంచి ఊడిపోతుంది. ఆ సంగతి చెల్లెలికి చెబితే పంపడం ఆగిపోతుంది. పార్సిల్ ఆగితే చీటీ ఆగుతుంది. చెప్పకపోతే చీటీ వస్తుంది, పుస్తకం పోతుంది. మూడు రోజులు మీనమేషాలు లెక్కపెట్టాడు. రెండుసార్లు పార్సిల్ కట్టాడు, రెండుసార్లు విప్పాడు. ఒకసారైతే పార్సిల్ ఆఫీసు మెట్లదాకా వెళ్లి వెనక్కొచ్చాడు.

సెలవు రోజు మధ్యాహ్నం, పాత నోటుపుస్తకంలోంచి నంబరు తీసి ఫోన్ చేశాడు. రోజూ అంతమందిని ఊపిరి బిగబట్టమనే మనిషికి ఆ పని ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆమే ఎత్తింది. నేను అన్నాడు. గొంతు గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. పార్సిల్ ఇంకా రాలేదేమని అడిగింది.

"పంపలేదు చిట్టీ. పుస్తకం లోపల్లోపలే పాడైపోతోంది. అటూ ఇటూ తిరిగే నలిగిపోయింది. ఇక పంపకూడదు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"నాకు తెలుసు," అంది. "మూడేళ్ల కిందట నీకు పంపేటప్పుడే కిటికీ వెలుగులో చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు పంపడం మానేస్తావుగా."

అతను గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాడు. మూడేళ్లు ఆమె కూడా ఇలాగే పార్సిల్ కట్టి విప్పి ఉంటుంది. కాసేపటికి పెట్టె పగలగొడితే అంకె పోతుందన్నాడు. పోతే పోయిందంది. మామయ్యకిచ్చిన మాట సంగతేమిటన్నాడు.

"మామయ్య ఆ మాట ఎప్పుడో మర్చిపోయాడు. మనమే పట్టుకుని కూర్చున్నాం. ముందు చేతులు కడుక్కో."

అతను ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి, వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకుని వచ్చాడు. స్క్రూడ్రైవర్ మొన అంచులో దూర్చి తిప్పితే పెట్టె ఫటేల్‌మని విచ్చుకుంది. ఆ చప్పుడుకు ఆమె అక్కడ ఉలిక్కిపడి ఏమైందంది. ఏం కాలేదన్నాడు. నలిగిన మూలను బొటనవేలితో మెల్లగా సాపు చేశాడు. మడత గీత పోలేదు, ఇక పోదు కూడా. పాత కాగితం వాసన వచ్చింది. ఆ వాసన ఫోన్‌లో పంపడానికి లేదే అని బాధపడ్డాడు.

మొదటి పేజీ పైకి చదివాడు. ఆగాడు.

"ఊ," అంది.

తిప్పాడు. దొంగకు ఒక గొంతు, డిటెక్టివ్‌కు ఒక గొంతు పెట్టాడు. మూడు మాటలకు అలవాటుపడ్డ గొంతు మొదట బొంగురుపోయింది, తర్వాత సర్దుకుంది. పదకొండో పేజీ దగ్గర, చిరుగు అలాగే ఉందా అని ఆమె అడిగింది. అలాగే ఉందన్నాడు. ఇద్దరూ కాస్త నవ్వారు. ఊ, ఊ అంటూనే ఉంది. ఇంట్లో ఇంతసేపు ఇంకో మనిషి గొంతు వినిపించి ఎన్నేళ్లయిందో.

ముప్ఫై ఒకటో పేజీ అయింది. వెనక మిగిలింది ఒక్కటే. అతను ఆగాడు. ఊ వినపడలేదు. ఫోన్ తెగిపోయిందేమోనని చూశాడు, తెగలేదు. ఆమె ఊపిరి తెలుస్తూనే ఉంది.

"చిట్టీ?"

"ఉండన్నయ్యా. ఇంకా అవలేదు నాకు."

అతను పేజీ తిప్పలేదు.