మా తోడల్లుడి సూటు జిప్పు

మా తోడల్లుడు ఒక ఆదివారం ఉదయం, సముద్రంలో పడినా చలి తగలనివ్వని నారింజరంగు రబ్బరు సూటులో నిలువెల్లా ఇరుక్కుపోయి, ఆ అవతారంతోనే మూడు వీధులు నడిచి దర్జీ కొట్టుకు వెళ్ళాడు. బొడ్డు కిందినుంచి గడ్డం దాకా ఉండే జిప్పు ఛాతీ దగ్గర బిగుసుకుపోయింది. తోడు నేను వెళ్ళాను. దారిలో ఎదురైన తెలిసినవాళ్ళని కుశల ప్రశ్నలు కూడా అడిగాం.

దర్జీ కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. “కొలతలు తియ్యమంటారా, కోసెయ్యమంటారా?”

“కోస్తే నా కొంప మునిగినట్టే. ఎల్లుండి ఇది వేసుకునే సముద్రం దాటాలి.”

దర్జీ జిప్పు పళ్ళమీద కొవ్వొత్తి ముక్క రుద్ది, పావుగంట కుస్తీపట్టి, చిక్కుడుకాయ ఒలిచినట్టు అతన్ని బయటికి తీశాడు. “పళ్ళు అరిగిపోయాయండీ. మార్పించెయ్యండి. ఇవాళంటే నా దగ్గర ఇరుక్కుంది.”

“తిరిగొచ్చాక చూద్దాంలే.”

అతని ఉద్యోగం చిన్న విమానాలను కొన్నవాళ్ళ గుమ్మం దాకా నడిపి ఇచ్చి రావడం. గుమ్మానికీ మనకీ మధ్య సముద్రం. ఒక్కటే ఇంజను, నాలుగే సీట్లు, రెక్కల్లో పట్టే పెట్రోలు సగం దారికి కూడా చాలదు. అందుకని వెనక సీట్లు పీకేసి అక్కడో పెద్ద ట్యాంకూ, దాన్లోంచి రెక్కల్లోకి పెట్రోలు తోడే పంపూ కూర్చోబెడతారు. ఆ పని చేసేవాడు విమానాశ్రయం చివర రేకుల షెడ్డులో ఉండే ముసలి మెకానిక్కు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా పదిహేనేళ్ళుగా మావా, అల్లుడూ అని వరసలు కలుపుకున్నారు. ట్యాంకు బిగించడం అయ్యాక మెకానిక్కు దానిమీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, ప్రతిసారీ అదే పాఠం చెప్పేవాడు.

“రెక్క ఖాళీ కావచ్చాకే ఈ వాల్వు తిప్పు. గడియారం చూసుకుని నలభై నిమిషాలకి కట్టెయ్. మర్చిపోయావో, రెక్క నిండి, పొంగి, అంతా సముద్రం పాలు. నీకు కనపడి కూడా చావదు.”

“ఎక్కాల్లాగా ఎన్నిసార్లు అప్పజెబుతావు మావా?”

“ఈ ట్యాంకుకి గేజీ లేదు అల్లుడూ. నా నోరే గేజీ.”

ఆ ప్రయాణంలో నాలుగో గంటలో మా తోడల్లుడు వాల్వు తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఒంటేలుకి వచ్చింది. దానికోసం ఒక సీసా ఉంటుంది. కానీ సీసాకీ అతనికీ మధ్య జిప్పు ఉంది. గడ్డం నుంచి ఛాతీ దాకా దిగి, అక్కడ మొరాయించింది. ఒక చెయ్యి విమానం మీద, ఒక చెయ్యి జిప్పు మీద. ఎంతసేపు పోరాడాడో అతనికే తెలియదు. చివరికి జిప్పే గెలిచింది. యాభై ఏళ్ళ మనిషి, ఒళ్ళంతా తడిసి, చూసేవాళ్ళెవరూ లేకపోయినా సిగ్గుపడి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు వాల్వు గుర్తొచ్చింది. గంటన్నర అయింది.

రెక్క గేజీ బుద్ధిగా నిండుగానే చూపిస్తోంది. వెనక ట్యాంకు ఒట్టిపోయింది. లెక్క వేస్తే, తీరం ఇంకా రెండు గంటలు ఉండగానే ఇంజను ఆగాలి. వెనక్కి తిరిగినా అంతే. రేడియోలో చెప్పాడు. ఒక సరుకుల ఓడవాళ్ళు దారి మళ్ళించుకుని వస్తామన్నారు. ఆ తర్వాత నాలుగు గంటలపాటు ఇంజను ఒక్క దగ్గు కూడా దగ్గకుండా పనిచేసిందట. అంతటి నరకం ఇంకోటి లేదన్నాడు.

చివరికి ఇంజను ఆగాక, నీళ్ళు తగిలే ముందే తలుపు తెరిచి, బిగుసుకుపోకుండా సందులో బూటు పెట్టాడు. అల తగలగానే విమానం పల్టీ కొట్టింది. భుజం విరిగింది. రబ్బరు తెప్పమీద ఆరు గంటలు. పైకీ రాని, కిందికీ దిగని జిప్పులోంచి చన్నీళ్ళు సూటు నిండా చేరాయి. ఓడవాళ్ళు పైకి లాగి, దర్జీ కొయ్యనిది వాళ్ళు కోసి సముద్రంలో పారేశారు.

ఆస్పత్రిలో ఈ కథంతా ముందు నాకే చెప్పాడు. నేను నవ్వాను. ఆపుకుందామనే చూశాను, చేతకాలేదు. అతను నవ్వలేదు. “ఇంకెవరికీ చెప్పకు అన్నయ్యా,” అని గోడవైపు తిరిగాడు. ఆ నవ్వు నేను నవ్వకుండా ఉండాల్సింది.

విచారణకు వచ్చిన అధికారులు పెట్రోలు ఎందుకు అయిపోయిందని అడిగారు. “పంపు ఆగిపోయిందేమో,” అన్నాడు. కాదనడానికి విమానం సముద్రం అడుగున ఉంది. పంపు బిగించిన కాగితం మీద మెకానిక్కు సంతకం ఉంది. ముసలాయన లైసెన్సు తీసేశారు, షెడ్డుకి తాళం పడింది.

అదే వారం మెకానిక్కు ఆస్పత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి తన చేతులకేసి చూసుకున్నాడు. “పంపు రెండుసార్లు చూశాను అల్లుడూ. నా చెయ్యే తప్పిందంటావా?”

మా తోడల్లుడు కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. ముసలాయన దుప్పటి సర్ది వెళ్ళిపోయాడు.

ఏడాది గడిచింది. భుజం ఇక పైకి లేవదని డాక్టర్లు తేల్చారు. మా తోడల్లుడి లైసెన్సూ పోయింది. ఆ మర్నాడే కూర్చుని, సీసాతో సహా నిజమంతా అధికారులకి రాశాడు. ఆ ఫైలు మూసేశామని, మెకానిక్కు కావాలంటే మొదటినుంచి పరీక్షలు రాసుకోవచ్చని జవాబు వచ్చింది. మెకానిక్కుకి అరవై నాలుగేళ్ళు.

జవాబు పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. ముసలాయన అదే ఆస్పత్రి పార్కింగులో స్కూటర్లు వరసగా సర్దుతున్నాడు. మా తోడల్లుడు నిలబడే అంతా చెప్పాడు, జిప్పు కూడా వదలకుండా. ముసలాయన నవ్వలేదు.

“వాల్వు ఎంతసేపు తెరిచుంది?”

“గంటన్నర.”

“అంటే పంపు పనిచేసింది.”

“పనిచేసింది మావా.”

ముసలాయన పక్కనున్న స్కూటరు సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

“ఏడాదిపాటు రాత్రీ పగలూ ఆ పంపు విప్పి బిగిస్తూనే ఉన్నాను, బుర్రలో. అప్పుడు చెప్పనివాడివి, అంతా అయిపోయాక ఇప్పుడెందుకు చెప్పావురా?”

“ఇప్పుడు నాకు పోయేదేం లేదు మావా, అందుకే నోరు పెగిలింది.”