పంటు దిగని నీలం బండి

నవ్వనంటేనే చెప్తానండీ. ఆయ్, ముందే మాటివ్వండి! పోయిన నెలలో ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను గోదారి దాటుతూనే ఉన్నాను. దాటేను, మళ్ళీ దాటేను, మళ్ళీ మళ్ళీ దాటేను. అయినా అవతలి గట్టు మీద కాలు పెట్టలేదు! అదీ సొంత బండిలో కూర్చుని, కొత్త పంచె కట్టుకుని, పక్కన పట్టుచీరలో మా ఆవిడతో. ఏదీ, ఇంకాస్త టీ పొయ్యండి. మొదటినుంచీ చెప్తాను.

నాకు రాజోలులో ఫొటో స్టూడియో ఉంది కదా. రెండేళ్ళ కిందట పి.గన్నవరంలో ఒక పెళ్ళికి ఫొటోలు తియ్యడానికి వెళ్ళేను. భోజనాలయ్యేక పెళ్ళివారి కొబ్బరితోటలో అలా నడుస్తుంటే కనబడింది. పాతకాలం పికప్పు వ్యాను. ముందు పొడుగాటి ముక్కు, దానికి అటూ ఇటూ గుండ్రటి లైట్లు, వెనక సరుకులేసుకునే తొట్టి. ఒళ్ళంతా తుప్పు. తొట్టి నిండా కొబ్బరి డొక్కలు, స్టీరింగు చుట్టూ దొండపాదు, సీటు మీద పొదుగుతున్న కోడి. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ తుప్పు మధ్యలో, అరచేతంత మేర, లేత నీలం రంగు మిగిలి ఉంది. వాన వెలిసేక ఆకాశం ఉంటుంది చూడండి, ఆ నీలం! చేత్తో రాస్తే వెచ్చగా తగిలింది. అంతే, ఇంక అక్కణ్ణుంచి కదల్లేకపోయేను. అప్పగింతల ఫొటోలకి టైమైపోయిందని నన్ను వెతకడానికి మనిషిని పంపేరండీ పెళ్ళివారు!

వారం తిరక్కుండా బండి మా పెరట్లో ఉంది. ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చేం. తోటవారు కోడిని దింపేసుకున్నారు గానీ, దొండపాదు మాత్రం బండితోనే వచ్చింది.

మా ఆవిడ సుభద్ర చేతిలో చీపురుతో బయటికొచ్చి నిలబడిపోయింది.

"ఏంటండీ ఇది?"

"బండి."

"బండని మీకెవరు చెప్పేరండీ?"

నేను వంగి స్టీరింగు చుట్టూ ఉన్న దొండపాదు విప్పుతూ ఉండిపోయేను. మాట్లాడితే ఆవిడే గెలుస్తుంది.

రాజోలులో తెలిసిన మెకానిక్కు ఒకాయన ఆదివారాలు వచ్చి ఇంజను విప్పి, బాగుచేసి, బిగించి పెట్టేడు. మిగతాదంతా నా చేతి పనే! స్టూడియో మూసి ఇంటికి రావడం, లుంగీ కట్టడం, ఉప్పుకాగితం పెట్టి తుప్పు రుద్దుకుంటూ కూర్చోవడం. నేల మీద ఎర్రటి పొడి రాలుతుంటే, కింద నుంచి ఇనుము మెల్లగా మెరుస్తూ పైకొస్తుంటే... డార్క్‌రూములో కాగితం మీద బొమ్మ తేలుతుంది చూడండి, అచ్చం అలాగే ఉండేది నాకు. ఆ నీలం కలపడానికి ఎన్ని డబ్బాలు పాడుచేసేనో! ఒకసారి చిలకపచ్చ వచ్చింది. ఒకసారి సిరా రంగు వచ్చింది. అసలు నీలం కుదిరిన సాయంత్రం, ఎండిందో లేదో చూద్దామని చెయ్యి పెట్టి, ఆ చెయ్యే చెంపకి రాసుకున్నాను. మర్నాడు స్టూడియోకి వచ్చినవాళ్ళందరూ "అదేంటండీ ప్రసాదుగారూ?" అంటే "రంగండీ" అని గర్వంగా చెప్పేను.

ఇంకా ఇంజను బిగించకముందే, ఇటుకల మీద నిలబెట్టిన బండిలో కూర్చుని ఉట్టి స్టీరింగు తిప్పుతూ ఉండేవాణ్ణండీ. కళ్ళు మూసుకుంటే చాలు. కాలవగట్టు, అటూ ఇటూ కొబ్బరిచెట్లు వెనక్కి జారిపోవడం, సముద్రపు గాలి. ఒకరోజు సుభద్ర టీ పట్టుకొచ్చి, ఏమనుకుందో ఏమో, తలుపు తీసుకుని పక్కన కూర్చుంది.

"ఎక్కడిదాకా వచ్చేం?" అంది.

"మలికిపురం దాటేం."

"అయితే టీ ఇప్పుడు తాగుతారా, అంతర్వేది చేరేకా?"

ఆ రోజు నుంచి ఆవిడా ప్రయాణం కట్టేసినట్టేనండీ. పైకి ఒప్పుకోదు గానీ.

సరే, అసలు కథలోకి వస్తాను. మా అక్కయ్యది నరసాపురం. వాళ్ళమ్మాయి పద్మకి ఓణీల ఫంక్షను. నేను మేనమామని. ఓణీ నా చేతుల మీదుగా ఇవ్వాలి. మధ్యాహ్నం లోపలే ముహూర్తం. మా బావగారు బ్యాంకులో పనిచేస్తారు, వాచీ చూసుకోకుండా తుమ్మరు కూడా. మనకి నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటెక్కడమే కదా. బస్సునీ, లారీనీ, మనుషుల్నీ, మేకల్నీ అందర్నీ ఒకేసారి ఎక్కించుకుని గోదారి దాటించే ఇనుప బల్లకట్టు. వంతెన వంతెన అంటున్నారు గానీ, అది వచ్చినప్పటి మాట.

"హాయిగా బస్సులో పోదామండీ," అంది సుభద్ర.

"బస్సా! మేనమామ బస్సు దిగి, సంచీ దులుపుకుంటూ వెళ్తే ఏం బాగుంటుంది చెప్పు? నీలం బండిలో హారను కొట్టుకుంటూ వీధిలోకి తిరగాలి. పద్మ గుమ్మంలోకి పరిగెత్తుకు రావాలి."

తొట్టిలో అరటిగెలలు, బొండాలు, కాజాల బుట్టలు సర్దేం. ఓణీ ఉన్న పళ్ళెం సుభద్ర ఒళ్ళో పెట్టుకుంది. బయల్దేరేం.

ఎంత బాగుందో తెలుసాండీ! పొద్దుటెండ, కిటికీలోంచి వరిచేల వాసన. మనుషులు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. ఒక పెద్దాయన నన్నెవరో ఆఫీసరనుకుని దణ్ణం పెట్టేడు. నేనూ ఆఫీసర్లాగే తలూపేను. సుభద్ర జడలో మల్లెపూలు గాలికి ఊగుతున్నాయి. ఇదంతా కళ్ళు తెరిచే చూస్తున్నానా అని ఒకసారి గట్టిగా మూసి తెరిచేను. "రోడ్డు చూడండి!" అని అరిచిందావిడ.

రేవులో వాలు దిగి పంటు మీదకి ఎక్కగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. నేనే ఆపేననుకున్నాను.

అవతలి గట్టు చేరేం. తాళం తిప్పేను. కిర్ర్... కిర్ర్... అంతే! మళ్ళీ తిప్పేను. కిర్ర్. వెనకాల బస్సు హారను. మనుషులందరూ కలిసి తోసేరు. గోదారి పాటు మీద ఉందేమో, నీళ్ళు బాగా దిగిపోయి, పైకెక్కే ర్యాంపు గోడలా నిలబడి ఉంది. బండి కొంచెం ఎక్కింది, ఆగింది, ఆలోచించుకుంది, నెమ్మదిగా వెనక్కొచ్చి పంటు మీద తన చోట్లో తను నిలబడింది.

పంటు నడిపే సరంగు వచ్చేడు. మంచి మనిషి.

"ఎంతసేపవుద్దండీ?"

"ఒక్క నిమిషం."

"ఆయ్. ఆ నిమిషం ఏదో గోదాట్లో తీసుకోండి. అవతల రేవులో జనం ఉన్నారు, ఎక్కించుకొచ్చేద్దాం. హ్యాండు బ్రేకు వెయ్యండి మరి."

నేను పంచె సర్దుకున్నాను.

"హ్యాండు బ్రేకు లేదాండీ?"

"ఉందండీ. వెండి రంగు కూడా వేసేను."

"పన్జేస్తదాండీ?"

"రంగైతే బాగా పట్టిందండీ."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, చక్రాల కింద చెక్కలు పెట్టించేడు. చెక్కలున్నా సరే, ఎవరో ఒకరు కాలి బ్రేకు తొక్కి ఉంచితీరాలన్నాడు. అలా ఇద్దరం ఇరుక్కుపోయేం. సుభద్ర కాలు బ్రేకు మీద, నా తల బానెట్లో. ఆవిడ కాలు తిమ్మిరెక్కితే నా కాలు బ్రేకు మీద, ఆవిడ తల బయటికి, రేవులో మావాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని. ప్లగ్గులు ఊడదీసి కొత్త పంచెతో తుడిచేను. కాయిలు తుడిచేను. బ్యాటరీ వైర్లు పీకి పెట్టేను. ప్రతి ట్రిప్పుకీ కొత్త జనం, కొత్త సలహాలు. "నిమ్మకాయలు తొక్కించేరాండీ?" అని ఒకాయన. "ఇంజనుకి కాస్త గాలి ఆడనివ్వండి" అని ఒకావిడ, తన విసనకర్ర నా చేతికిచ్చింది. నేను విసిరేనండీ! ఇంజనుకి విసిరేను!

నరసాపురం రేవులో ఎవరితోనో అక్కయ్యకి కబురు పంపేం. ముహూర్తం దగ్గర పడుతోంది. మళ్ళీ వెనక్కి వస్తున్నాం. సుభద్ర పళ్ళెంలో ఓణీ మడత సర్దుతూ, నా వైపు చూడకుండా అంది:

"పిల్ల పీట మీద కూర్చుని వీధి గుమ్మం కేసే చూస్తూ ఉంటుందండీ."

"నువ్వు దిగి వెళ్ళిపో, సుభద్రా."

"మేనమామ లేకుండా నేనెళ్ళి ఏం చెయ్యను? అయినా నేను దిగితే బ్రేకెవరు తొక్కుతారు?"

కళ్ళ నీళ్ళు తిరిగేయండీ ఆవిడకి. బానెట్లోంచి తల తీసి చూసేను. గోదారి ఎండలో పళ్ళెంలా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ నేను కలగన్న నీలం, ఆ నిమిషంలో నాకేమీ బాగా కనబడలేదు.

మళ్ళీ నరసాపురం వైపు వెళ్తున్నాం. రేవు దగ్గర గొడుగులు కనిపించేయి. ఆ గొడుగుల కింద మా బావగారు వాచీ చూసుకుంటూ, అక్కయ్య, పురోహితుడుగారు, సన్నాయిమేళం వాళ్ళు. అందరికంటే ముందు పచ్చలంగా ఎత్తిపట్టుకుని, నీళ్ళంచున నిలబడి, మా పద్మ!

"మామయ్యా! నువ్వు రావట్లేదని నేనే వచ్చేసేను!"

పంటు ఆగగానే అందరూ ఎక్కేసేరు. బావగారు వాచీ చూసి, "మళ్ళీ ఇంటికెళ్ళే వ్యవధి లేదు. ఇక్కడ ఆగే వ్యవధీ లేదు, సరంగు బయల్దేరాలంటున్నాడు," అన్నారు. పురోహితుడుగారు నవ్వేరు. "గోదారి తల్లి ఒళ్ళో కూర్చుని చెయ్యొచ్చండీ, ఇంకేం కావాలి? కానివ్వండి."

పద్మని బండి తొట్టిలో, అరటిగెలల మధ్య పీటేసి కూర్చోబెట్టేం. మరి బ్రేకు? బావగారు తొక్కేరు! పట్టు కండువాతో, స్టీరింగు వెనక, బొమ్మలా బిగుసుకుని. నా చేతులు ఎంత కడిగినా గ్రీజు వదల్లేదు. సుభద్ర ఓణీని నా మణికట్ల మీద పరిచింది. సరంగు నది మధ్యలో ఇంజను ఆపేసేడు. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో! ఆ నిశ్శబ్దంలో సన్నాయి మొదలైంది. నీళ్ళ మీద సన్నాయి ఎప్పుడైనా విన్నారాండీ? ఆ పాట ఎక్కడా ఆగదు. అలా రెండు గట్లకీ వెళ్ళిపోతుంది. పైన నీలం, కింద నీలం, మధ్యలో మా బండి నీలం. ఓణీ అందుకుని పద్మ నా కాళ్ళకి దణ్ణం పెడుతుంటే, పంటు మీదున్న బస్సు జనమంతా కిటికీల్లోంచి అక్షింతలు వేసేరు. పెళ్ళిళ్ళకి ఇన్నేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాను, అలాంటి వెలుగు ఎప్పుడూ చూడలేదు. నా చేతులు ఖాళీ లేవు గనక ఫొటో సుభద్ర తీసింది. అందులో అందరి తలకాయలూ వచ్చేయి, నాది తప్ప.

అంతా అయ్యేక, స్టీరింగు వెనక నుంచి బావగారు పిలిచేరు.

"ఏవోయ్ ప్రసాదూ, పెట్రోలు చూసుకున్నావా?"

"భలేవారండీ! ఫుల్లు ట్యాంకు. మీ ఎదురుగానే ఉంది, మీటరు చూడండి."

ఆయన బ్యాంకు మనిషి కదా, చూసి ఊరుకోరు. వేలితో అద్దం మీద టక్కున కొట్టేరు. ముల్లు కదల్లేదు. మళ్ళీ కొట్టేరు. ఈసారి ముల్లు ఊడి అద్దం లోపల అడుక్కి రాలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చిందండీ నాకు. రంగులేస్తున్నప్పుడు ఆ ముల్లు ఊడిపోతే, జిగురు పెట్టి అంటించింది నేనే. ఖాళీ దగ్గర అంటిస్తే చూడ్డానికి ఏదో దిగులుగా ఉందని, నిండు దగ్గర అంటించేను!

ట్యాంకులో కొబ్బరీనె ముంచి తీసేను. ఎంత పొడిగా వచ్చిందంటే, పళ్ళు కుట్టుకోవచ్చు. ముందు సుభద్ర నవ్వింది. అలా నవ్వుతూ తలుపు పట్టుకుని కూలబడిపోయింది. తర్వాత పద్మ, పురోహితుడుగారు, చివరికి బస్సు మొత్తం.

ఆ తర్వాత ట్రిప్పుల్లో ఫంక్షను భోజనం పంటు మీదకే వచ్చింది. తొట్టిలో విస్తళ్ళేసుకుని సరంగుతో కలిసి తిన్నాం. పెట్రోలు డబ్బా వచ్చేసరికి సాయంత్రమైంది. పోస్తే ఒక్క తిప్పుకే స్టార్టయ్యింది, ఏమీ ఎరగనట్టు! అప్పటికి ఫంక్షనూ అయిపోయింది, భోజనాలూ అయిపోయేయి, ఇంక నరసాపురంలో మాకు పనేముంది? సఖినేటిపల్లి రేవులో రివర్సులో దిగి, ఇంటికొచ్చేసేం.

మొన్న మళ్ళీ అక్కయ్యగారింటికి వెళ్ళాల్సొచ్చింది. బుద్ధిగా సైకిలేసుకుని, తలొంచుకుని రేవులోకి దిగేను. సరంగు అంత దూరం నుంచే పోల్చేసి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని, రేవంతా వినబడేలా కేకేసేడు:

"ఆయ్, రండి ప్రసాదుగారూ! ఇవాళ అవతల దిగుతారాండీ, లేపోతే భోజనం మాతోటేనాండీ?"