గురువారం దక్షిణానికి

ఆ ఊరు వెళ్ళడానికి మా ఆయనకి ఎప్పుడూ ఒక కారణం దొరికేది. వెళ్ళకుండా ఉండటానికి నాకు రెండు దొరికేవి. పెళ్ళయి ఆష్‌బర్న్‌లో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మా ఇంట్లో ఇదే తగువు.

ఊరు మిసిసిపీ రాష్ట్రంలో ఉంది. రెండువేల ఒకటిలో ఆయన ఎంఎస్ చెయ్యడానికి వచ్చి దిగిన యూనివర్సిటీకి గంట దూరం. "చుట్టూ పత్తి చేలు. అక్టోబర్‌లో వెళ్తే నరసరావుపేట పక్కన దిగినట్టే ఉంటుంది" అనేవారు. అది మొదటి కారణం. హోటల్లో కూచుని బెండకాయ వేపుడు ఆర్డర్ చేసి తినగలగడం రెండోది. ఇళ్ళకి అరుగులుంటాయి, అరుగుల మీద మనుషులుంటారు, మనమెవరో తెలియకపోయినా చెయ్యి ఊపి పలకరిస్తారు. అది మూడోది. పక్కింటివాళ్ళ గరాజ్ తలుపు తప్ప మొహం ఎరగని మా వీధిలో కూచుని ఇవన్నీ చెప్తుంటే నాకు నవ్వొచ్చేది. బెండకాయ వేపుడు కోసం పదిహేను గంటలు డ్రైవ్ చేసేవాళ్ళని మిమ్మల్నే చూశాను అనేదాన్ని. పిట్స్‌బర్గ్ గుడికో, నయాగరాకో, ఎవరిదో గృహప్రవేశానికో వెళ్ళిపోయేవాళ్ళం.

అసలు కారణం మాత్రం పాట. రెండు వీధుల ఊరు, ఒక రైల్వే గేటు, సగం మూతపడ్డ కొట్లు. అయినా దేశమంతా పాడుకునే పాటలు ఆ పత్తి చేలల్లోనే పుట్టాయట. ఏ ఇంటి తలుపు తట్టినా గిటారు పట్టడం తెలిసినవాళ్ళు ఒకరైనా ఉంటారట. మంగలి షాపు అరుగు మీద శనివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒక నల్ల పెద్దాయన గిటారు వాయిస్తూ కూచుంటాడు. మా ఆయన ఆయన్ని గిటారు తాత అనేవారు. క్రాఫు కోసం వెళ్ళి తాత పాట వింటూ పొద్దు పోయేదాకా ఉండిపోయిన శనివారాలు ఎన్నో చెప్పారు నాకు.

ఒక శనివారం తాత, "మీ ఊళ్ళోనూ పత్తి ఉందన్నావుగా, పత్తి తీస్తూ మీవాళ్ళేం పాడతారు?" అని అడిగాడట. పల్నాడులో కూలీలు వంగి పత్తి తీస్తూ పాడే పాట ఒకటి ఈయన సిగ్గుపడుతూ ఎత్తుకున్నారు. తాత రెండుసార్లు విన్నాడు. మూడోసారి గిటారు మీద పలికించేశాడు. "ఇది మా అమ్మ పాటలాగే ఉందే!" అన్నాడట. ఆ రోజు నుంచి మా ఆయన ఎప్పుడు వెళ్ళినా ఆ పాటతోనే మొదలు.

"ఏదీ, ఒకసారి పాడండి" అంటే ఆయన ఎప్పుడూ పాడలేదు. "నా గొంతులో విని పాడు చేసుకోకు. అక్కడే విందువుగాని" అనేవారు.

పెళ్ళయిన అయిదో ఏట ఆయనకి కుడి చెవి వినపడటం మానేసింది. ఫోన్ ఎడమ చెవికి మార్చుకున్నారు, అంతే అనుకున్నాం. తరవాత నడకలో తూలడం మొదలైంది. స్కాన్ తీస్తే రెండు చెవుల లోపలా గడ్డలు. ఎడమవైపు గడ్డ మెదడు మీదకి ఒత్తుతోంది, తియ్యక తప్పదన్నారు. ప్రాణానికి భయం లేదు, వినికిడి మాత్రం దక్కదు అని డాక్టర్ మెల్లగా, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది. ఆపరేషన్ మంగళవారం. సోమవారం పొద్దున్నే హాస్పిటల్లో టెస్టులు. మధ్యలో మాకు మిగిలింది ఒక్క వారం.

ఆ సాయంత్రం ఆయన ఏడవలేదు. లాప్‌టాప్ తెరిచి మ్యాప్ చూశారు.

"థర్స్‌డే, ఫ్రైడే లీవ్ అప్లై చేశాను. థర్స్‌డే పొద్దున్నే బయల్దేరదాం. దారిలో ఒక రాత్రి ఆగినా ఫ్రైడేకి చేరిపోతాం. సాటర్‌డే అంతా తాత దగ్గరే. ఫ్లైట్ వద్దు, చెవిలో ప్రెషర్ వస్తే భయం" అన్నారు.

నా కళ్ళు వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్ వైపు వెళ్ళాయి. షాంటిలీ ఇండియన్ షాపులో ఉగాదికి ఊరికే ఇచ్చే క్యాలెండరే.

"గురువారం దక్షిణానికి వారశూలండీ. ఇంత పెద్ద ఆపరేషన్ పెట్టుకుని శూలకి ఎదురెళ్తామా?"

"సరే, ఫ్రైడే."

"శుక్రవారం పడమర శూల. మనం వెళ్ళేది నైరుతికి."

ఆయన పకపకా నవ్వారు. "నైరుతికి రెండు వైపులా పోటేనన్నమాట! పాపం ఆ మూలనున్నవాళ్ళు వారానికి ఎన్ని రోజులు ఇంట్లో కూచుంటారో." తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. నాకు ఎంత భయంగా ఉందో ఆయనకి తెలుసు. "సరేలే, సాటర్‌డే తెల్లవారుజామున వెళ్దాం. సాయంత్రానికి చేరకపోతామా" అన్నారు.

శనివారం నాలుగింటికి బయల్దేరాం. తూలుతున్నారని ఆయనకి స్టీరింగ్ ఇవ్వలేదు, నేనే నడిపాను. పులిహోర, పెరుగన్నం కూలర్‌లో పెట్టాను. ఆయన దారి పొడుగునా రేడియో స్టేషన్లు మారుస్తూ, తల పక్కకి తిప్పి ఎడమ చెవితో విన్నారు. కొండలు దాటాక వాన పట్టుకుంది. ఒక యాక్సిడెంట్ దగ్గర రెండు గంటలు కదల్లేదు. మేం చేరేసరికి చీకటి పడింది. మంగలి షాపుకి తాళం వేసి ఉంది. అరుగు మీద ఖాళీ కుర్చీ ఉంది.

"రేపు చర్చి దగ్గర దొరుకుతాడులే" అన్నారు మా ఆయన, నాకు ధైర్యం చెప్తున్నట్టు.

దొరికాడు. బూడిద రంగు సూటు, చేతిలో టోపీ. మా ఆయన్ని చూడగానే "పత్తి కుర్రాడా!" అని కావలించుకున్నాడు. ఈయన నన్ను పరిచయం చేసి, ఒక్కసారి ఆ పాట వాయిస్తావా, మధ్యాహ్నమే తిరిగి వెళ్ళిపోవాలి అని అడిగారు.

తాత మొహంలో నవ్వు తగ్గింది. "ఆదివారం నేను ఆ గిటారు పెట్టె తెరవను బాబూ. ఆదివారం దేవుడిది. పన్నెండేళ్ళప్పుడు మా అమ్మకి మాటిచ్చాను. ఇప్పుడు తప్పితే పైకెళ్ళాక ఆవిడకి ఏం చెప్పను? రేపు పొద్దున రండి, చేతులు నొప్పెట్టేదాకా వాయిస్తాను."

రేపు పొద్దున మేం హాస్పిటల్లో ఉండాలి. ఆ ముక్క చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. మా ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"చెప్పకు. జాలిపడి వాయిస్తే అది తాత పాట కాదు" అన్నారు తెలుగులో. "నీకు గురువారం ఎలాగో ఆయనకి ఆదివారం అలాగే. పెద్దాయన మాట తప్పించకూడదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండుంటే బాగుండేది, నేనూ తిరిగి ఒకటి అని తేలికపడేదాన్ని. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు నా నియమం మరొకరి నియమంలో పడి చచ్చింది. చర్చిలో చివరి బల్ల మీద కూచున్నాం. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతూ పాడారు. తాత కూడా పాడాడు. మా ఆయన ఎడమ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని అంతా విన్నారు. అదీ పాటే కదా అని నాకు నేను సర్ది చెప్పుకోవాలని చూశాను. ఆయన అంతదూరం వెళ్ళింది చర్చి పాట కోసం కాదు.

మంగళవారం ఆపరేషన్ బాగా జరిగిందని అందరూ అన్నారు. మత్తు దిగాక నేను ఏదో చెప్పాను. ఆయన నా పెదాల వైపు చూసి, "కాస్త గట్టిగా చెప్పు" అన్నారు. అని, ఆయనకే గుర్తొచ్చి, మొహం గోడవైపు తిప్పుకున్నారు.

ఆర్నెల్ల తరవాత షాంటిలీలో ఒక స్నేహితురాలింట్లో వ్రతానికి వెళ్ళాను. వాళ్ళ మేనత్త ఇండియా నుంచి వచ్చి ఉంది. పసుపు కుంకుమలు ఇస్తూ మాటల్లో మా సంగతంతా విన్నది. విని, అమాయకంగా అంది:

"అయ్యో, ప్రస్థానం పెట్టుకుంటే సరిపోయేది కదమ్మా! మంచిరోజున ఒక సంచి సర్ది పక్కింట్లో పెట్టేస్తే ప్రయాణం మొదలైనట్టే. తరవాత గురువారమైనా, ఏ వారమైనా వెళ్ళొచ్చు. మీ అమ్మ చెప్పలేదూ?"

చెప్పింది. మా అమ్మ మా చిన్నప్పుడు ఎన్నిసార్లు పక్కింట్లో సంచి పెట్టలేదు! గురువారం గుర్తుపెట్టుకున్నాను, సంచి మర్చిపోయాను. బుధవారం నాడు రెండు చీరలు మడిచి, మొహం ఎరగని ఆ పక్కింటివాళ్ళ తలుపు కొట్టి, ఇది రేపటిదాకా ఉంచండి అంటే సరిపోయేది. తాంబూలం అక్కడే పెట్టేసి కారులోకి వచ్చి ఏడ్చాను. ఇంటికెళ్ళి ఆ సంగతి ఆయనకి కాగితం మీద రాసి చూపించే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

మరో రెండేళ్ళకి నేనే లీవ్ పెట్టాను. గురువారం పొద్దున్నే బయల్దేరాం. సంచి ఎవరింట్లోనూ పెట్టలేదు.

శనివారం తాత కుర్చీలోనే ఉన్నాడు. వేళ్ళ కణుపులు వాచాయి, చూపు తగ్గింది. ఈయన చెవి సంగతి చెప్తే గిటారు కింద పెట్టాడు. "ఆ ఆదివారం నాకెందుకు చెప్పలేదు?" అని నన్ను అడిగాడు. అప్పుడు గిటారు ఒళ్ళోకి తీసుకుని పల్నాడు పాట ఎత్తుకున్నాడు. మా ఆయన ఎదురుగా స్టూలు మీద కూచుని తాత వేళ్ళనే చూశారు. నాకు ఆ పాట అదే మొదటిసారి.

అయిపోయాక ఆయన నా వైపు తిరిగారు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఈమధ్య పెద్దగా మాట్లాడతారు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

"రెండోసారి ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆపేవాడు తాత. అక్కడే ఉంటుంది పాటంతా. ఆపాడా?"

నేను వినలేదు. పాట జరిగినంతసేపూ ఆయన మొహమే చూస్తూ కూచున్నాను. ఆపాడని తల ఊపాను. ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నారు.