అలిగిన బతుకమ్మ నాడు నా రాక్ కచేరీ

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చి, ఫోన్లలో నెట్ చవకై, మా కొల్లాపూర్‌లో కూడా లోకమంతా అరచేతిలోకి వచ్చిపడిన కొత్తలో, నాకు ఒక స్పెయిన్ పాటగాడి పిచ్చి పట్టింది. తోటి ఆడపిల్లలు సినిమా హీరోల మీద మనసు పారేసుకుంటుంటే, నేను తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టి, కళ్లు మూసుకుని గిటారు మీద పాడుకునే ఆ రాక్ గాయకుడి మీద పారేసుకున్నాను. (ఆయన పాటల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థమైతే ఆ పిచ్చి అంతకాలం నిలిచేది కాదేమో.) ఆయన చరిత్ర మాత్రం పోటీ పరీక్షకు చదివినట్టు చదివాను. మొదట బ్యాండు పెట్టాడు, అది విడిపోయింది, ఆ బాధలో ఒంటరిగా పాటలు రాశాడు, పేరొచ్చింది. నేనూ అదే వరసలో పోదామనుకున్నాను. చిక్కేమిటంటే, విడిపోవడానికి నాకు బ్యాండు లేదు. అందుకని మహబూబ్‌నగర్ హాస్టల్లో స్నేహితురాలి పాత గిటారు కొనుక్కొచ్చి, మేనత్త కూతురి చేతికి ఖాళీ నూనె డబ్బా ఇచ్చి, బ్యాండు పెట్టి, పన్నెండో రోజున విడిపోదామన్నాను.

"నేనేం తప్పు జేసిన వదినా?" అంది మరదలు, డబ్బా ఒళ్లో పెట్టుకుని.

"నువ్వేం జెయ్యలే. విడిపోతెనే మంచి పాటలొస్తయట."

"గా ముచ్చట ముందే చెప్పొద్దా? చేతులు వాచినయ్" అని లేచిపోయి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ బాధ నిజంగానే తగిలింది కాబట్టి పాట కూడా వచ్చింది. 'తలుపేసుకున్నాను, తట్టకండి ఎవరూ. దీపమార్పుకున్నాను, పిలవకండి ఎవరూ' అని మొదలయ్యే ఎనిమిది వరసల ఒంటరితనం. రాసుకుని నేనే ఏడ్చాను.

డిగ్రీ అయిపోయింది. బాపుది మగ్గం పని. నా పాటల గోల కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు మగ్గం ఆపి నన్ను పిలిచాడు. "జూడు బిడ్డా, మన వాడకట్టోళ్ల ముంగట ఒక్కసారి పాడు. మంది కూసుని విన్నరనుకో, ఏడాది దాంక నీ జోలికి రాను. లేకుంటె బీఎడ్ ఫారం నింపుతవ్, సరేనా?" అన్నాడు. సరేనన్నాను. నా సంగీత జీవితమంతా ఆ ఒక్క పాట మీదే నిలబడింది.

రోజు ఎంచుకోవడంలో మహా తెలివి చూపించాననుకున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరో రోజు తల్లి అలిగిందంటారు, ఆ పూట పూలు పేర్చరు, ఆట ఆడరు. మైకు ఖాళీ, జాగా ఖాళీ, ఆడవాళ్లూ ఖాళీ. ఐదు రోజులుగా తిరిగిన కాళ్లు, కొట్టిన చేతులు ఆ ఒక్కరోజు ఊరికే ఉండలేవన్న సంగతి నా తలకెక్కలేదు.

సాయంత్రం అందరూ చాపల మీద బుద్ధిగా కూర్చున్నారు. స్పెయిన్ పద్ధతిలో కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. మొదటి వరసకు అంతా నిశ్శబ్దం. రెండో వరసకు వెనకనుంచి ఒక చప్పట. (మా అవ్వదే.) మూడో వరసకు ఇరవై గొంతులు లేచాయి.

"తలుపేసుకున్నాది ఉయ్యాలో, తట్టకుండ్రి ఎవరు ఉయ్యాలో..."

కళ్లు తెరిచేసరికి చాపలు ఖాళీ. వాడకట్టు ఆడవాళ్లంతా నా చుట్టూ వంగుతూ లేస్తూ తిరుగుతున్నారు, డబ్బాతో సహా మరదలు కూడా. నేను ఆపాను, వాళ్లు ఆపలేదు. "కూసోండ్రి, ఇది ఒంటరితనం పాట" అని బతిమాలాను.

"ఎరుకే బిడ్డా, అలిగిన తల్లి పాటనే గదా. నువు ఆపకు" అంది అవ్వ.

"ఇయ్యాల ఆడొద్దు గదా పెద్దవ్వా?" అని ఎవరో గుర్తు చేశారు.

"పూలు పేర్చినమా ఏంది? ఉత్త చప్పట్లే" అని తీర్పు చెప్పేసింది. నేను రాసింది ఎనిమిది వరసలే. మిగతా పాట వాళ్లే కట్టుకుని, పాటలో ఆ తల్లి అలక తీరి తలుపు తీసేదాకా పాడారు.

ఆట ముగిశాక బాపు దగ్గరికొచ్చాడు. "శాన మంచిగ పాడినవ్ బిడ్డా. గని కూసుని వినాలె అన్న. ఎవ్వలన్న కూసున్నరా?"

నాకు ఏడుపొచ్చింది. బాపు నా భుజం మీదున్న గిటారు తీసి తన భుజానికి తగిలించుకుని, "నేను గూడ కూసోలే" అన్నాడు మెల్లగా. మరుసటి వారం బీఎడ్ ఫారం నింపాను.

ఇప్పుడు అమ్రాబాద్ దగ్గర బడిలో టీచర్ని. నిరుడు బతుకమ్మకు, తల్లి అలిగిన మరునాడు, ఊరి ఆడవాళ్లు ఆమెను బుజ్జగిస్తూ పాడుతున్నారు. వింటే నా పాటే. కొల్లాపూర్ నుంచి కోడళ్లు తెచ్చారో ఫోన్లు మోశాయో తెలియదు. నేనూ వరసలో కలిసి, రెండో వరస నేను రాసినట్టే గట్టిగా పాడాను. పక్కనున్న పెద్దావిడ మోచేత్తో పొడిచింది.

"గట్ల గాదు టీచరమ్మా. 'అత్త మీద అలిగి ఉయ్యాలో' అనాలె. తెల్వకుంటె మెల్లగ అను."

"గీ పాట ఎవరు రాసిండ్రు పెద్దమ్మా?"

"రాసుడేంది? మా అమ్మలకాడి నుంచి పాడుతున్నం."

నోటిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ల నేనైతే మైకు గుంజుకుని నా పేరు చెప్పేదాన్ని. ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొచ్చింది, కొంచెం జాలి కూడా వేసింది. "సరే పెద్దమ్మా, జర నేర్పు" అన్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మూడోసారికి గానీ నాకు సరిగ్గా రాలేదు.