ఆగిపోయిన విమానం, సరోజక్క కోడిపిల్లలు

నిన్న పొద్దున పాలు పొయ్యి మీద పెట్టానో లేదో, హాస్టల్ నాటి స్నేహితురాలు వాణి ఫోన్.

"సరోజక్క పోయిందే. నిద్రలోనే హార్ట్ ఎటాక్."

పాలు పొంగిపోయాయి.

మొన్ననే కదా మాట్లాడింది!

తొంభైల్లో యూనివర్సిటీ లేడీస్ హాస్టల్‌లో మాకు సీనియర్. నల్లగొండ వైపు పల్లె. ఎం.కామ్. అవగానే కొత్త కార్గో ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చింది. తార్నాకలో చిన్న గది తీసుకుంది.

విమానాలు విదేశీ కంపెనీవి, వ్యాపారం మనవాళ్లది. జాయింట్ వెంచర్ అన్న మాట మేం మొదట విన్నది అక్క నోటే.

ఒక ఆదివారం మమ్మల్నందరినీ బేగంపేట ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్లి, గోడ బయట నిలబెట్టి చూపించింది.

"గదే, మా విమానం!"

సొంత పొలం చూపించినట్టు చూపించింది.

రెండేళ్లు కూడా నిండలేదు. భాగస్వాములకు చెడింది. విదేశీవాళ్లు తమ విమానాలు వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజు బాగా వాన. కలకత్తా వెళ్లాల్సిన కోడిపిల్లలు అట్టపెట్టెల్లో ఎయిర్‌పోర్ట్ షెడ్‌లో ఉన్నాయి. నిన్నగాక మొన్న గుడ్డులోంచి వచ్చినవి. ఇక ఫ్లైట్లు లేవు, ఇళ్లకు పొండి అని స్టాఫ్‌కి చెప్పేశారు. పంపినవాళ్లకు ఫోన్ చేస్తే, మాకొద్దు పారెయ్యండన్నారు.

అందరూ వెళ్లిపోయారు. అక్క వెళ్లలేదు. ట్రాలీ ఆటో మాట్లాడి పెట్టెలన్నీ తార్నాక తెచ్చేసింది.

STD బూత్ నుంచి హాస్టల్‌కి ఫోన్.

"టేబుల్ లాంపులు ఎన్నుంటే అన్ని పట్కొని రాండ్రే. జల్ది! చలికి సచ్చిపోతయి."

పరిగెత్తాం. గదినిండా కిచకిచలు. ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, "ఇది ఇల్లా, కోళ్ల ఫారమా?" అని కేకలేసింది. కాసేపటికి తనే చేటలో నూకలు తెచ్చింది.

మర్నాటికి కొన్ని చచ్చిపోయాయి. ఉద్యోగం పోయినప్పుడు ఏడవని మనిషి, వాటిని ఒళ్లో పెట్టుకొని ఏడ్చింది.

"నాకు ఇంకో నౌకరి దొరుకుతది. ఇవేం జేసినయే?"

మిగిలినవాటిని పంచడానికి ఆ వానలోనే అడిక్‌మెట్, వారాసిగూడ గల్లీలన్నీ తిరిగాం. పెరడున్న ఇల్లు కనిపిస్తే చాలు, అక్క తలుపు కొట్టేది. "పైసలొద్దమ్మా, సాదుకోండ్రి" అనేది. ఒక్క పెట్టె కూడా మిగల్లేదు.

తర్వాత చాలా ఏళ్లు ఎక్స్‌పోర్ట్ ఆఫీసుల్లో పనిచేసింది. ఆ కంపెనీని మాత్రం ఎన్నడూ తిట్టలేదు. మేం తిడితే ఊరుకునేది కాదు.

"కంపెనీ మంచిదే. పెద్దోళ్లకు పొత్తు కుదర్లే, గంతే."

ఇవాళ మధ్యాహ్నం అంబర్‌పేట్ శ్మశానంలో సాగనంపి వచ్చాం. హాస్టల్ వాళ్లం ఐదుగురం.

పోయిరా అక్కా. నువ్వున్న చోట నీ మనసు చల్లగా ఉండాలి.