సీసం పూయని మడ్‌గార్డు

మా బావగారు పోయారు. ఆదివారం పొద్దున మా ఆయన దవాఖాన నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడి, "అన్న పోయిండు" అన్నారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గిన్నె దింపి, కట్టెల మీద నీళ్లు చల్లాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఇది చదివేవాళ్లలో మట్టెవాడలో మా ఇత్తడి సామాన్ల దుకాణం తెలిసినవాళ్లు కొందరు ఉండే ఉంటారు. గల్లా దగ్గర కూర్చుని, కొనవచ్చిన వాళ్ల ముందే బిందెను వేలితో కొట్టి చూసి, "ఇది వద్దమ్మా, దీని గొంతు మంచిగ లేదు, ఇంకోటి తీస్కో" అని తన సరుకుకు తానే వంక పెట్టే మనిషి గుర్తుంటే, ఆయనే మా బావగారు. మా ఆయనకు స్వయానా అన్న. వ్యాపారం ఆయనకు తండ్రి ఇచ్చిన పని. ప్రాణమంతా పెరట్లో, గొడ్ల కొట్టంలో ఉండేది. అక్కడ ఆయన మోటారు కారు కడుతుండేవారు.

ఆయన్ను మహానుభావుడని నేను రాయబోవడం లేదు. మొండి మనిషి. చెప్పింది వినడు, వద్దన్నది మానడు. ఆ మొండితనమే ఆయన్ను తిన్నది. పోయి ఇన్ని రోజులైనా నాకు ఆయన మీద కోపం పోలేదు. ఆ కోపంతోనే రాస్తున్నాను.

ఆ కారు కథ నా పెళ్లికి చాలా ముందు మొదలైంది. మా అత్తగారు వయసులో ఉన్నప్పుడు గంపలో చెంబులూ గిన్నెలూ పెట్టుకుని ఊళ్లకు అమ్మబోయేవారు. వెంట పెద్దకొడుకు. తొవ్వలో, కోటలాంటి గడిలో ఉండే దొర మోటారు ఎదురైతే ఎవరైనా సరే రోడ్డు దిగాలి, చెప్పులు చేతిలో పట్టుకోవాలి, తల వంచి నిలబడాలి. ఒక వానాకాలం అలా దిగబోయి అత్తగారు మోకాలిలోతు బురదలో కూరుకుపోయారు. గంప ఒరిగి సామానంతా మడిలో పడింది. మోటారు ఆగలేదు. ఈ సంగతి అత్తగారు నవ్వుతూ చెప్పేవారు. "చెంబులు ఏరుతాంటే కప్పలు దొరికినయి బిడ్డా" అనేవారు. బావగారు ఎన్నడూ నవ్వలేదు.

నిజాం జమానా పోయింది. దొరలు హైదరాబాదు చేరారు. ఆ మోటారు మాత్రం గడిలోనే ఒక మూల పడి ఉంది. కట్టె భాగమంతా చెదలు తిన్నాయి, రేకులు తుప్పు పట్టి జల్లెడలయ్యాయి, సీట్లలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. నేను కొత్తకోడలుగా వచ్చిన ఏడాది బావగారు దాన్ని ఎడ్లబండ్ల మీద వేయించి ఇంటికి తెచ్చారు. వాడంతా వచ్చి చూసి నవ్వింది. ఆయన అత్తగారితో ఒకటే మాట అన్నారు.

"అమ్మా, దీన్ని మంచిగ చేసి, నిన్ను ముందర కూసోబెట్టి గా తొవ్వ మీదనే గడి ముంగట నుంచి తోల్కపోత."

"నాకెందుకురా మోటరు? నడుములు నొస్తయి" అన్నారు అత్తగారు.

ఇంజను సంగతి కాజీపేటలో రైలు ఇంజన్లు చూసే స్నేహితుడొకాయన ఆదివారాలు వచ్చి చూసుకున్నాడు. పై కట్టు మాత్రం బావగారు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇసుక నింపిన తోలుసంచి మీద ఇనుప రేకు పరిచి, కట్టెసుత్తితో మెల్లగా కొడుతూ వంపు తెచ్చేవారు. కంచరి వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్న పని. బానెట్టు ఒకటే ఎండాకాలమంతా పట్టింది. చేసింది నచ్చకపోతే మూలన పడేసి మళ్లీ మొదలు. "కోపంల సుత్తి పట్టద్దు. ఒక సొట్ట తీయబోతే రెండయితయి" అనేవారు. ఇంట్లో మనుషుల మీద కూడా ఆయన అరవగా నేను వినలేదు. మాట వినకపోవడం ఒక్కటే ఆయన పద్ధతి.

మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు. ఎదురుగా మాట్లాడదు. నేనూ ఆయనకు తలుపు చాటు మనిషినే. ఒకరోజు దుకాణం నుంచి వచ్చిన బిందెలు తోముతూ, "అక్కా, దీనికి కడుపుల సొట్ట ఉన్నది" అని మా అక్కతో అన్నాను. అక్క అంటే బావగారి భార్య, నాకు తోడికోడలు. కంటికి ఏమీ కనిపించదు, చేతికి తగులుతుంది. బియ్యంలో రాళ్లు ఏరిన చేయి కదా. తలుపు అవతల బావగారు విన్నారట. మర్నాడు గడప దగ్గర గోనెపట్టా మీద కారు తలుపు రేకు ఒకటి, దాని పక్కన పాత ధోవతి ముక్క, సుద్దముక్క పెట్టి ఉన్నాయి. అవతల నుంచి, గోడతో అన్నట్టుగా, "లోపల ఎవలన్న ఉంటే జర చెయ్యిపెట్టి చూడుమనుండ్రి. గుడ్డ మీదికెల్లి చూడాలె. కన్ను లంచం తింటది, చెయ్యి తినదు" అన్నారు.

కాశిబుగ్గ నేత ధోవతి అది, ఉతికి ఉతికి పొరలా అయింది. అది అరచేతి కింద పెట్టి రేకు మీద నిమిరితే వెంట్రుకవాసి గుంట కూడా తెలిసిపోతుంది. తెలిసిన చోట సుద్దతో సున్న చుట్టేదాన్ని. మర్నాటికి ఆ సొట్ట పోయి రేకు మళ్లీ గడప దగ్గరికి వచ్చేది. కొన్నేళ్లపాటు మా ఇద్దరి మధ్య మాటలంటే ఆ సున్నలే. మా ఆయన కూడా నా పనిని అంత నమ్మి చూడలేదు. ఆ మాట ఇప్పుడు ఆయన చదివినా ఫరవాలేదు.

ఇక చెప్పలేని సంగతి చెప్పాలి. సుత్తికి అందని చోట్లు, అతుకులు, చిన్న గుంటలు ఉంటాయి. వాటిలో సీసం కరిగించి పోసి, గుడ్డతో తుడిచి, చల్లారాక ఆకురాయితో రాచి నున్న చేస్తారు. గాలికి మంట ఆరిపోతుందని బావగారు కొట్టం తలుపులు మూసుకుని ఆ పని చేసేవారు. రాచిన పొడి బూడిదలా అన్నిటి మీదా పడేది. ఆ వేళ్లతోనే సున్నం రాసి ఆకు మడిచి నోట్లో పెట్టుకునేవారు. మేమెవ్వరం వద్దనలేదు. ఇత్తడి సామాన్ల ఇల్లు మాది. పుట్టినప్పటి నుంచి ముంగిట్లో కళాయి వేయడం చూస్తున్నాం. గిన్నెలో తెల్లగా తళతళలాడేదే అన్నానికి మంచిదని నమ్మినవాళ్లం. అక్క ఒకసారి ఆ పొగేమిటని అడిగితే, "కళాయి అసొంటిదేనే. రోజు తినే గిన్నెకు పూసుకుంటలేమా?" అన్నారు. కళాయికి వేసేది తగరం. ఇది సీసం. రెండూ తెల్లగానే కరుగుతాయి.

మొదట దూడ పోయింది. కొట్టంలో కట్టేసిన బర్రెదూడ, ఆ గోడలూ రేకులూ నాకుతుండేది. ఒక వారం మేత ముట్టలేదు. తర్వాత కళ్లు కనబడక ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. గోడకు తల ఆనించి నెడుతూ, పళ్లు కొరుకుతూ చచ్చిపోయింది. దిష్టి అన్నారు అత్తగారు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టాం. బావగారు తన చేతులతోనే గుంత తవ్వి పాతిపెట్టి, వచ్చి మళ్లీ ఆకురాయి పట్టుకున్నారు.

ఆ తర్వాత ఆయనకు కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టినట్టు వచ్చేది, గోడ పట్టుకుని వంగిపోయేవారు. వాము, సోపు, జీలకర్ర కషాయం, తెలిసినవన్నీ చేశాం. ముఖం పాలిపోయింది. ఒకరోజు దుకాణంలో బిందె అందుకోబోతే కుడిచేయి మణికట్టు దగ్గర విరిగినట్టు వాలిపోయింది. నొప్పి లేదు, దెబ్బ లేదు. లేపితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది.

దవాఖానలో డాక్టరు ఆయన నోటిలోని ఆకుముద్ద తీయించి, చిగుళ్లు తుడిచి చూశాడు. పళ్ల మొదట్లో నల్లగా గీత ఉంది. "మీ ఇంట్లో గొడ్డు గిట్ల ఏమన్న సచ్చిందా ఈ మధ్యల?" అని అడిగాడు. అత్తగారు, "దూడ సచ్చింది అయ్యా" అన్నారు. డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. సీసం ఒంట్లో చేరిందని, ఇక ముట్టుకుంటే మనిషి మిగలడని చెప్పాడు.

ఇంటికి రాగానే అక్క సీసం కడ్డీలన్నీ గోనెలో కట్టి బయటికి పంపించేసింది. కొట్టానికి తాళం వేసింది. అప్పటికి కారు దాదాపు అయిపోయింది. వెనక కుడివైపు మడ్‌గార్డు ఒక్కటే మిగిలింది. రెండు రోజులు ఊరుకుని బావగారు తాళంచెవి అడిగారు.

"సచ్చిపోతవని డాక్టర్ చెప్తె వినలేదా?" అంది అక్క.

"సీసం ముట్ట. నీ మీద ఒట్టు. ఉత్త సుత్తితోటే చేస్త. అమ్మకు ముసలితనం వస్తాంది, జర సమజ్ చేస్కో."

మణికట్టుకు వెదురుబద్ద పెట్టి గుడ్డతో కట్టుకుని కొట్టారు. కట్టు జారేది, సుత్తి పడేది. మళ్లీ కట్టుకునేవారు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. ఇదివరకు సమంగా పడే దెబ్బలు ఇప్పుడు తప్పిపోతుంటే, అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. అయిపోయాక వచ్చినవాళ్లకల్లా చూపించారు. మా ఆయన, కాజీపేట స్నేహితుడు, అందరూ "సాఫ్ ఉన్నది" అన్నారు. మరునాడు ఆయన పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి, గోడతో కాదు, నాతో అన్నారు.

"బిడ్డా, ఇట్ల రా. నువ్వు చెప్పు. నా చెయ్యి నాకు చెప్తలేదు."

ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన ఎదురుగా నిలబడ్డాను. గుడ్డ పరిచి నిమిరాను. వెనక వంపు దగ్గర, అరచేయి పట్టేంత గుంట. చిన్నది కాదు. నోటితో చెప్పలేక సుద్ద తీసుకుని సున్న చుట్టాను. ఆయన ఆ సున్న వైపు చూశారు. సుత్తి ఎత్తబోయారు, చేయి వాలిపోయింది.

"ఉండనియ్యి బిడ్డా. ఇగ గింతే" అన్నారు.

దాని మీదే ఆకుపచ్చ రంగు వేయించారు. దొర బండి నల్లది, ఇది ఆకుపచ్చది కావాలని ఆయన పట్టు.

చలికాలం ఎండలో బయలుదేరాం. మా ఆయన తోలారు. అన్న మాట ప్రకారం ముందర అత్తగారు కూర్చున్నారు, వెనక బావగారు, అక్క, నేను. అత్తగారు తలుపు రేకును గట్టిగా పట్టుకుని, "మెల్లగరా, మెల్లగ" అంటూనే ఉన్నారు. బావగారు పాలిపోయిన ముఖంతో ఆమె తల వైపే వెనకనుంచి చూస్తూ కూర్చున్నారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

గడి గేటుకు ఒక తలుపే మిగిలింది. లోపల తుమ్మలు మొలిచాయి. చూడడానికి ఎవరూ లేరనుకున్నాం. మలుపు దగ్గర మా ఆయన హారన్ కొట్టారు. అది దొర బండి హారనే, బావగారు బాగుచేసి పెట్టారు. రోడ్డు మీద మేకలు తోలుకుపోతున్న ముసలాయన ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, గబగబా ముళ్లకంపలోకి దిగి, చెప్పులు విప్పి చేత పట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆపురా, ఆయన కాళ్లల్ల ముండ్లు కుచ్చుకుంటయి" అన్నారు అత్తగారు.

బావగారు దిగి దగ్గరికి వెళ్లారు. చేతులు జోడించబోతే కుడిచేయి లేవలేదు. ఎడమచేత్తో దాన్ని ఎత్తి పట్టుకుని, "చెప్పులు తొడుక్కో తాతా. మేము దొరలం గాదు. మట్టెవాడ ఇత్తడి దుకాణపోళ్లం" అన్నారు.

ముసలాయన కారు వంక చూశాడు, ఆయన వంక చూశాడు. "బండి దొరదే గద అయ్యా" అన్నాడు. మేం కదిలి మలుపు తిరిగేదాకా చెప్పులు తొడుక్కోలేదు.

వచ్చేటప్పుడు, ఊరు దగ్గరపడ్డాక బావగారు, ఎవరితోనో తెలియదు, "రంగు మార్చిన గని రూపు మార్చకపోతిని. మంచిగ చేయాలె, మంచిగ చేయాలె అనుకున్న. మస్తు మంచిగ చేసిన" అన్నారు. ఆ తర్వాత ఆయన కొట్టం వైపు పోలేదు. ఒళ్లు ఉబ్బింది, మూత్రం ఆగింది, మధ్యమధ్య ఫిట్లు వచ్చేవి. నేను మందు తీసుకుపోతే, "బిడ్డా, గా రోజు అబద్ధం చెప్పనందుకు నీకు దండం" అన్నారు. అదే నాతో చివరి మాట.

దినాలు అయ్యాక హనుమకొండ నుంచి తెలిసిన మెకానిక్ ఒకాయన పలకరించడానికి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి చూసి, పనితనానికి తల ఊపి, కుడి మడ్‌గార్డు దగ్గర ఆగాడు.

"ఇక్కడొక్క సొట్ట ఉండిపోయింది వదినా. జర సీసం పోస్తె నిమిషంల సాఫ్ అయితది. ఆయన పేరు మీద నేనే చేస్త."

మా అక్క గడపలో కూర్చుని ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఆ కారు రేకును ఒకసారి కూడా నిమిరి చూసింది లేదు. లేచి వచ్చింది.

"దాన్ని ముట్టకు తమ్మీ. కడమదంతా దొరదేనట. గా సొట్ట ఒక్కటే మా ఆయనది."

మెకానిక్ వెళ్లిపోయాడు. కొట్టంలో మేకుకు ఆ ధోవతి ముక్క అలాగే వేలాడుతోంది. అక్క దాన్ని తీసి దులిపి, మడ్‌గార్డు మీద పరిచి, నేను చేసినట్టే అరచేయి పెట్టి నిమురుతూ పోయింది. వెనక వంపు దగ్గర చేయి ఆగింది. అటు తిరిగి ఉంది కాబట్టి ముఖం నాకు కనిపించలేదు. అత్తగారు దీపం పెట్టమని రెండుసార్లు పిలిచారు. అక్క చేయి తీయలేదు, నేనే వెళ్లి దీపం పెట్టాను.